జర్మనీలో హాస్టల్ గది: అద్దె ఒక్కటే అడిగి ఊరుకోకండి

అడ్మిషన్ వచ్చింది, మన డిగ్రీ కాగితాలు అసలువేనని సరిచూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ వచ్చింది, వీసా స్లాట్ కోసం రోజుకు పదిసార్లు సైట్ రిఫ్రెష్ చేస్తున్నాం, గది సంగతి అక్కడికెళ్లాక చూసుకోవచ్చులే అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నా. ఫ్లైటెక్కే రోజుకి నా చేతిలో ఉన్నదల్లా, ఒక సీనియర్ అన్న "నా గదిలో కింద పడుకుందువులే, ఒక పది రోజులు" అన్న మాట ఒక్కటే. పది రోజులు కాస్తా నలభై రెండు రోజులయ్యాయి. పాపం ఆయన ఏమీ అనలేదు గానీ, మూడో వారం నుంచి నాకే ఆయన మొహం చూడాలంటే సిగ్గేసేది.

ఎవరైనా నాకు మెసేజ్ పెట్టి అడిగే మొదటి ప్రశ్న "అన్నా, హాస్టల్ అద్దె ఎంత?" దానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: దిగిన మొదటి నెలలో జేబులోంచి మొత్తం ఎంత పోతుంది, అది ఎప్పుడెప్పుడు పోతుంది అని. మనవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా అద్దె దగ్గర కాదు, అక్కడ.

యూనివర్సిటీ మీకు గది ఇవ్వదు

ముందు ఇది బుర్రలోకి ఎక్కించుకోండి. మన ఇంజినీరింగ్ కాలేజీలో సీటుతో పాటు హాస్టల్ ఫారం ఇచ్చినట్టు ఇక్కడ ఎవరూ ఇవ్వరు. అడ్మిషన్ లెటర్‌లో గది గురించి ఒక్క ముక్క ఉండదు. హాస్టళ్లు నడిపేది ష్టుడీరెండెన్‌వెర్క్ అనే వేరే ప్రభుత్వ సంస్థ, దేశం మొత్తం మీద ఇలాంటివి 57 ఉన్నాయి, ఒక్కో ప్రాంతానికి ఒక్కటి. మధ్యాహ్నం మనం తినే మెన్సా క్యాంటీన్ కూడా వాళ్లదే. మీ యూనివర్సిటీ ఏ ష్టుడీరెండెన్‌వెర్క్ కిందికి వస్తుందో వెతికి, వాళ్ల సైట్‌లో విడిగా అప్లై చేయాలి. ఎప్పుడు? వీలైతే ఈ రోజే. కొన్ని ఊళ్లలో అడ్మిషన్ రాకముందే అప్లికేషన్ తీసుకుంటారు, కొన్ని చోట్ల లెటర్ ఉంటేనే తీసుకుంటారు, ఆ రూలు వాళ్ల పేజీలోనే రాసి ఉంటుంది. వీసా వచ్చాక చేద్దాం అనుకుంటే మాత్రం మీ ముందు కొన్ని వందల మంది నిలబడి ఉంటారు, ఎందుకంటే చాలా చోట్ల మీ వంతు తేలేది అప్లై చేసిన తేదీని బట్టే. మీ మార్కులు గానీ మీ కష్టాలు గానీ అక్కడ ఎవరూ చూడరు.

అప్లికేషన్‌లో మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. ఫొటోలు చూసి, క్యాంపస్ పక్కనే ఉన్న, సొంత బాత్రూం సొంత వంటగది ఉన్న ఒక్క హాస్టల్‌కే టిక్ పెడతారు. అది అందరూ పెట్టే టిక్కే. అన్నింటికీ పెట్టండి, ఊరి చివరిదానికి కూడా. సెమిస్టర్ ఫీజులోనే బస్సు, ట్రామ్ టికెట్ కలిసి ఉండే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి, ఈ మధ్య దేశమంతా లోకల్ రైళ్లలో తిరగ్గలిగే టికెట్టే ఇస్తున్నారు, కాబట్టి దూరం అనేది డబ్బు సమస్య కాదు, పొద్దున్నే లేచే సమస్య. లైప్‌జిగ్‌లో చదువుతూ అరగంట పైచిలుకు దూరంలో ఉన్న హాలేలో ఉండేవాళ్లున్నారు. మ్యూనిక్‌లో క్లాసులకెళ్తూ ఆగ్స్‌బర్గ్‌లో ఉండేవాళ్లూ ఉన్నారు.

గదుల్లో మూడు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. పొడుగాటి కారిడార్‌కి అటూ ఇటూ గదులు, వంటిల్లూ బాత్రూమూ అందరికీ కలిపి ఒకటి, ఇది చవక. రెండోది వేగే, అంటే ఒక ఫ్లాట్‌లో ఇద్దరు ముగ్గురు నలుగురు, ఎవరి గది వాళ్లది, వంటిల్లు కలిపి. మూడోది అన్నీ లోపలే ఉన్న ఒంటరి అపార్ట్‌మెంట్, ఖరీదు ఎక్కువ, వెయిటింగ్ లిస్టు ఇంకా ఎక్కువ. నన్నడిగితే మొదటి ఏడాదికి వేగేనే మంచిది. జర్మన్ భాష వచ్చేది క్లాసులో కాదు, సింకులో గిన్నెలు వదిలేసిందెవరో తేల్చుకునే గొడవలో.

ఇంకొక్కటి. అప్లై చేసి మర్చిపోకండి. కొన్ని ఊళ్లలో "మీకింకా గది కావాలా?" అని మధ్యమధ్యలో మెయిల్ పెడతారు, గడువులోపు అవునని నొక్కకపోతే పేరు లిస్టులోంచి తీసేస్తారు. నా క్లాస్‌మేట్ ఒకతనికి ఆ మెయిల్ స్పామ్‌లో పడింది. నాలుగు నెలల ఎదురుచూపు గంగపాలు. గది ఆఫర్ వచ్చినప్పుడు కూడా జవాబివ్వడానికి కొద్ది రోజులే టైం ఉంటుంది, ఆ వారం మెయిల్ రోజూ చూడండి, పెళ్లిళ్లకి తిరగడం తర్వాత.

అవకాశం ఉన్నవాళ్లకి చిన్న చిట్కా: చదువులు ఎక్కువగా మొదలయ్యేది అక్టోబర్ 1న, అప్పుడు ఊరు ఊరంతా గదుల వేటలో ఉంటుంది. ఏప్రిల్‌లో మొదలయ్యే కోర్సు దొరికితే గది దొరకడం చాలా సులువు.

ఊరిని ఎంచుకోవడమే అద్దెను ఎంచుకోవడం

లెక్క చూడండి. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (డబ్బంతా ముందే వేస్తే నెలనెలా కొంత చొప్పున వదిలే ఖాతా) వేయాల్సింది 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు. అంటే నెలకు మీ చేతికి వచ్చేది 992. మ్యూనిక్‌లో బయట ఒక వేగే గది 800 యూరోల చుట్టూ నడుస్తోంది. మిగిలింది 192. అందులో స్టూడెంట్ హెల్త్ ఇన్సూరెన్స్‌కి ఇంచుమించు 145 పోతే చేతిలో యాభై కూడా ఉండదు. ఇక అన్నమెక్కడ, పప్పెక్కడ. జర్మన్ విద్యార్థులకు వాళ్ల ప్రభుత్వం ఇచ్చే బాఫ్యోగ్ సాయంలో ఇంటద్దె కోసమని వేసే లెక్క 380 యూరోలు. ఆ డబ్బుకి మ్యూనిక్‌లో వాళ్లకీ సగం గదే వస్తుంది, కాబట్టి ఈ ఏడుపు మన ఒక్కరిదే కాదు.

అదే తూర్పు వైపు కెమ్నిట్స్, మాగ్డెబర్గ్, ఇల్మెనావ్ లాంటి ఊళ్లకు వెళ్తే హాస్టల్ గది 250 నుంచి 350 లోపల దొరుకుతుంది, బయట గదులు కూడా దానికి కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. డ్రెస్డెన్, ఆహెన్, బ్రౌన్‌ష్వైగ్ మధ్య రకం. బెర్లిన్, హాంబుర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్, స్టుట్‌గార్ట్ ఖరీదు, మ్యూనిక్ వీటన్నింటికీ పెద్దన్న. స్టుట్‌గార్ట్, కార్ల్‌స్‌రూహె ఉన్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనలాంటి బయటి దేశాలవాళ్లకు సెమిస్టర్‌కి 1,500 యూరోల ఫీజు కూడా ఉంటుంది, అది మర్చిపోకండి.

అయితే మ్యూనిక్‌లోనూ హాస్టల్ గది దొరికితే అద్దె బయట రేటులో సగం కూడా ఉండకపోవచ్చు. అందుకే అక్కడ క్యూలు సెమిస్టర్లలో లెక్కబెడతారు. 1972 ఒలింపిక్స్‌లో మహిళా క్రీడాకారిణులు దిగిన చిన్న చిన్న ఇళ్ల చోటు ఇప్పుడు స్టూడెంట్ హాస్టల్, పిల్లలు తలుపులకీ గోడలకీ రంగులేసుకుంటారు, చూడ్డానికి భలే ఉంటుంది. ఫ్రైమన్‌లో ష్టుడెంటెన్‌ష్టాట్ అని ఇంకా పెద్దది ఉంది, కానీ అక్కడ 2021లో ఒక బిల్డింగ్‌లో అగ్నిప్రమాదం జరిగాక వెయ్యికి పైగా గదులు మరమ్మతుల కోసం ఖాళీగా ఉండిపోయాయి. ఊళ్లో గదుల కరువు, కళ్లెదుట ఖాళీ టవర్లు. రెండు యూనివర్సిటీల అడ్మిషన్లు చేతిలో ఉంటే ర్యాంకింగ్ ఒక్కటే చూడకండి, ఆ ఊరి ష్టుడీరెండెన్‌వెర్క్ పేజీలో వెయిటింగ్ ఎంత అని రాశారో కూడా చూడండి.

చల్లని అద్దె, వెచ్చని అద్దె

ఇదేం భాషరా బాబూ అనుకున్నా మొదట్లో. కాల్ట్‌మీటె అంటే చల్లని అద్దె, ఉత్త గోడలకి. వార్మ్‌మీటె అంటే వెచ్చని అద్దె, అందులో హీటింగ్, నీళ్లు, చెత్త, మెట్లు తుడిచే ఖర్చూ కలిసి ఉంటాయి. యాడ్‌లో పెద్దక్షరాల్లో 320 అని ఉండి, కింద చిన్నగా "కాల్ట్" అని ఉంటే మీరు కట్టేది 420 కావచ్చు. వార్మ్ అని ఉన్నా కరెంటు, ఇంటర్నెట్ విడిగా ఉండొచ్చు, అడగండి. పైగా బయటి ఇళ్లలో ఆ హీటింగ్ డబ్బు అంచనా మాత్రమే, ఏడాది తిరిగాక అసలు లెక్క వస్తుంది, ఎక్కువ వాడితే ఎదురు కట్టాలి. చలికాలమంతా హీటర్ ఐదులో పెట్టి బనీనుతో కూర్చున్నవాళ్లకి ఆ కాగితం వచ్చిన రోజు అసలు చలి తెలుస్తుంది. హాస్టళ్లలో సాధారణంగా ఈ బెడద లేదు. నీళ్లు, హీటింగ్, కరెంటు, ఇంటర్నెట్ అన్నీ కలిపి ఒకే అంకె. అందుకే 300 హాస్టల్‌నీ, 300 బయటి గదినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

హాస్టల్లో కలవనిది ఒక్కటుంది: రుండ్‌ఫుంక్‌బైట్రాగ్. టీవీ, రేడియో పన్ను అనుకోండి. మీకు టీవీ లేకపోయినా కట్టాలి. నెలకు 18.36, మూడు నెలలకోసారి 55.08. ఫ్లాట్‌కి ఒక్కటే కాబట్టి వేగేలో ఉంటే ఒకరు కట్టి మిగతావాళ్లు పంచుకోవచ్చు. కారిడార్ హాస్టల్లో మాత్రం ఒక్కో గదినీ ఒక్కో ఇల్లులా లెక్కేస్తారు, ఎవరిది వాళ్లు కట్టుకోవాల్సిందే. అడ్రస్ రిజిస్టర్ చేయగానే ఉత్తరం దానంతట అదే వస్తుంది. ఏదో ప్రకటన అనుకుని చెత్తలో పడేస్తే వెనకాలే జరిమానాతో ఇంకోటి వస్తుంది. మీ వేగేలో ముందే ఎవరో కడుతుంటే వాళ్ల నంబర్ తీసుకుని ఆన్‌లైన్‌లో రాస్తే మీ పేరు మీది బిల్లు ఆగిపోతుంది.

మొదటి నెల, పూర్తి లెక్క

తూర్పు జర్మనీ ఊళ్లో ఒక మామూలు హాస్టల్ గదికి వేసి చూపిస్తా. మొదటి నెల అద్దె 290. కౌట్సియోన్, మన దగ్గర అడ్వాన్స్ అంటామే అదే, 500 అనుకుందాం. సెమిస్టర్ ఫీజు 280. ఇన్సూరెన్స్ 145. గది తాళం చేతికొచ్చేదాకా యూత్ హాస్టల్లో మూడు రాత్రులు, 105. దుప్పటి, దిండు, రెండు గిన్నెలు, ఒక పెనం, బకెట్టు, 150 (హాస్టల్ గదిలో మంచం, పరుపు, బల్ల, కుర్చీ, బీరువా ఉంటాయి, దిండూ దుప్పటీ ఉండవు, మొదటి రాత్రి జాకెట్ కప్పుకుని పడుకున్నవాళ్లను ఎంతమందిని చూశానో). రెసిడెన్స్ పర్మిట్ 100. తిండికీ తిరగడానికీ 150. కూడితే 1,720. యూరోకి వంద రూపాయల లెక్కన వేసుకున్నా లక్షా డెబ్బై రెండు వేలు. మరి ఇందులో బ్లాక్డ్ అకౌంట్ డబ్బు ఎంత పనికొస్తుంది? చాలామందికి సున్నా. ఎందుకంటే ఆ 992 మొదటిసారి చేతికి రావడానికి జర్మన్ బ్యాంకు ఖాతా తెరవాలి, కాగితాలు పంపాలి, వాళ్లు సరిచూడాలి, ఇంతా అయ్యేసరికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు.

కాబట్టి ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి: లోన్‌లోంచి గానీ ఎక్కడినుంచి గానీ, బ్లాక్డ్ అకౌంట్‌కి పైన విడిగా 1,500 నుంచి 2,000 యూరోలు ఫారెక్స్ కార్డ్‌లో ఉండాలి. ఇది చేతి ఖర్చు కాదు, తప్పనిసరి ఖర్చు. ఊరికే సరదాకి పెట్టుకున్న డబ్బు అనుకుని నాన్న సగం కోసేస్తారు, నాకు జరిగింది అదే.

బయట ప్రైవేట్ ఇల్లయితే అడ్వాన్స్ ఇంకా ఎక్కువ. అయితే చట్టం మనవైపే ఉంది. కాల్ట్‌మీటెకి మూడు రెట్లకి మించి అడ్వాన్స్ అడగకూడదు, పైగా దాన్ని మూడు సమాన వాయిదాల్లో నెలనెలా కట్టే హక్కు అద్దెకున్నవాళ్లకి ఉంది. ఓనర్ దీన్ని తనంతట తాను చెప్పడు, మర్యాదగా మీరే అడగాలి. ఆ డబ్బుకి మామూలుగా వడ్డీ కూడా కలపాలి. స్టూడెంట్ హాస్టళ్లకి మాత్రం ఆ వడ్డీ నిబంధన వర్తించదు.

బయటి ఫ్లాట్ల గురించి ఇంకో హెచ్చరిక, ఖాళీ ఇల్లంటే ఇక్కడ నిజంగానే ఖాళీ. స్టవ్, సింకు, ఒక్కోసారి బల్బు కూడా ఉండవు, పాత అద్దెదారు ఊడదీసుకుని పోతాడు. యాడ్‌లో "ఈబీకే" అని ఉంటే వంటిల్లు బిగించి ఉందని అర్థం.

అడ్రస్ లేక బ్యాంకు లేదు, గది లేక అడ్రస్ లేదు

దిగిన తర్వాత అసలు చిక్కుముడి ఇది. గదిలో దిగిన రెండు వారాల్లో సిటీ ఆఫీసుకి వెళ్లి అడ్రస్ రిజిస్టర్ చేసుకోవాలి, దీన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన ఒక కాగితం కావాలి, దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్, నోరు తిరక్కపోయినా ఫర్వాలేదు, ఫోన్‌లో రాసి చూపించండి. ఆన్‌మెల్డుంగ్ ఉంటేనే ట్యాక్స్ నంబర్ పోస్టులో వస్తుంది, అది లేకుండా పార్ట్‌టైం జీతంలో కోత పడుతుంది. రెసిడెన్స్ పర్మిట్‌కీ అదే మూలం. చాలా బ్యాంకులూ అదే అడుగుతాయి.

కాబట్టి ఎవరైనా "గది ఇస్తాను గానీ ఆన్‌మెల్డుంగ్ కుదరదు" అన్నారంటే అది సగం గది. వారం పది రోజులు తలదాచుకోవడానికి సరే. అంతకు మించి అక్కడ ఉంటే మీ పనులన్నీ ఆగిపోతాయి.

సిటీ ఆఫీస్ అపాయింట్‌మెంట్లు పెద్ద ఊళ్లలో వారాల తరబడి దొరకవు. ఇండియాలో ఉండగానే ఆన్‌లైన్‌లో బుక్ చేసేయండి, తేదీ తర్వాత మార్చుకోవచ్చు.

మోసాలు, మనవాళ్ల మోసాలు

బయటి గదుల కోసం అందరూ చూసేది వేగే-గెసూక్ట్ అనే సైట్. అసలు గదులూ అక్కడే ఉంటాయి, దొంగ యాడ్లూ అక్కడే ఉంటాయి. దొంగ యాడ్ కథ ఎప్పుడూ ఒకటే: ఊరి నడిబొడ్డున చక్కని ఫ్లాట్, అద్దె 350, ఓనరమ్మ ఉద్యోగం మీద వేరే దేశం వెళ్లింది, చూపించడానికి ఎవరూ లేరు, మీరు అడ్వాన్సూ మొదటి నెలా పంపితే తాళాలు కొరియర్‌లో పంపుతుంది, నమ్మకం కోసం తన పాస్‌పోర్ట్ ఫొటో కూడా పెడుతుంది. ఆ పాస్‌పోర్ట్ కూడా మీలాంటి ఇంకెవరో పంపిందే. వీడియో కాల్‌లో గది, కిటికీలోంచి వీధి, కింద గుమ్మం దగ్గర పేర్ల బోర్డు చూపించమని అడగండి. వంకలు మొదలైతే కాల్ కట్ చేయండి. ఆ ఊళ్లో తెలిసిన తెలుగువాళ్లు ఒక్కరున్నా సరే, వెళ్లి చూసి రమ్మనండి, ఒక బిర్యానీ బాకీ పడితే పడ్డారు.

ఇక మన వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు. అక్కడ నిజంగా సాయం చేసేవాళ్లే ఎక్కువ, నా నలభై రెండు రోజులే అందుకు సాక్ష్యం. కానీ అందులోనే "టెంపరరీ అకామడేషన్, ఫుడ్‌తో కలిపి" అని ఒక హాస్టల్ గదిలో నలుగుర్ని కుక్కి తలా 300 వసూలు చేసేవాళ్లూ ఉన్నారు. ఎస్.ఆర్.నగర్ హాస్టళ్లలో పెరిగిన ప్రాణాలకి నలుగురు పెద్ద విషయం కాదనిపిస్తుంది గానీ, ఇక్కడ హాస్టల్ గదిని అనుమతి లేకుండా ఇంకొకరికి అద్దెకివ్వడం కాంట్రాక్ట్‌ని ఉల్లంఘించడం. దొరికితే అతని గది పోతుంది, మీరు రోడ్డు మీద ఉంటారు, కట్టిన డబ్బుకి కాగితం లేదు కాబట్టి అడిగే దిక్కూ లేదు. ఇంటర్న్‌షిప్‌కి వేరే ఊరెళ్తూ ఆరు నెలలు గది ఇచ్చేవాళ్లు ఉంటారు, దాన్ని త్స్విషన్‌మీటె అంటారు. హాస్టల్ ఆఫీస్ ఇచ్చిన అనుమతి పత్రం చూపిస్తే అది బంగారంలాంటి అవకాశం, తీసుకోండి.

శుక్రవారం సాయంత్రం దిగకండి

టికెట్ ఇరవై యూరోలు తక్కువని శుక్రవారం సాయంత్రం దిగే ఫ్లైట్ బుక్ చేసుకుంటారు. తాళాలిచ్చేది హౌస్‌మైస్టర్, అంటే బిల్డింగ్ చూసుకునే ఆయన. ఆయన పని దినాల్లో, అదీ పగటిపూట, చాలా చోట్ల అపాయింట్‌మెంట్ ఉంటేనే కనిపిస్తాడు. శనివారం ఉండడు. ఆదివారం ఆయనే కాదు, ఊళ్లో కొట్లన్నీ మూసే ఉంటాయి, పెద్ద రైల్వే స్టేషన్‌లో ఉన్నవి తప్ప. మూడు రాత్రులు యూత్ హాస్టల్, మూడు రోజులు స్టేషన్ శాండ్‌విచ్. సోమవారం లేదా మంగళవారం పొద్దున దిగేలా చూసుకోండి.

గది చేతికివ్వగానే ఒక ఫారం ఇస్తారు, గదిలో ఏ వస్తువు ఏ స్థితిలో ఉందో రాసేది. అలిసిపోయి ఉంటారు, సంతకం పెట్టేసి పడుకుందాం అనిపిస్తుంది. వద్దు. గోడ మీద మేకు రంధ్రం, బల్ల మీద కాలిన మచ్చ, ఫ్రిజ్ డోర్ పగులు, పరుపు మీద మరక, ప్రతిదీ రాయించండి, ఫోన్‌తో ఫొటోలు తీసి ఆ రోజే మీకు మీరే మెయిల్ చేసుకోండి, తేదీ ఉంటుంది. నేను తర్వాత ఉన్న ఒక ప్రైవేట్ గదిలో కిటికీ గట్టు మీద ముందునుంచే ఉన్న గుండ్రటి మచ్చకి ఖాళీ చేసేటప్పుడు 120 యూరోలు కోసుకున్నారు. అది నా కుక్కర్ మచ్చ కాదని నాకు తెలుసు, నా దగ్గర ఫొటో మాత్రం లేదు.

ఆ తర్వాత మొదటి పని, పోస్టు డబ్బా మీద పేరు అతికించడం. నవ్వకండి. ఇక్కడ అడ్రస్‌లో సాధారణంగా ఫ్లాట్ నంబర్ ఉండదు. పోస్ట్‌మ్యాన్ డబ్బా మీద ఇంటిపేరు చూసి ఉత్తరం వేస్తాడు, పేరు లేకపోతే తిరిగి పంపేస్తాడు. బ్యాంకు కార్డు, పిన్, ఇన్సూరెన్స్, ట్యాక్స్ నంబర్ అన్నీ ఉత్తరాల్లోనే వస్తాయి. మన పేర్లతో ఇంకో తంటా, పాస్‌పోర్ట్‌లో ఏది ఇంటిపేరు గడిలో ఉంటే అదే కవరు మీద వస్తుంది. నా ఫ్రెండ్ ఒకమ్మాయి డబ్బా మీద అందరూ పిలిచే పేరు రాసుకుంది, ఉత్తరాలన్నీ మూడక్షరాల ఇంటిపేరుతో వచ్చాయి, బ్యాంకు కార్డు రెండుసార్లు వెనక్కి పోయింది. రెండు పేర్లూ రాసి అతికించండి.

తాళం, తాలింపు, తేమ

తాళం. ఇక్కడి తలుపులు వెనకాల లాగితే వాటంతటవే పడిపోతాయి, బయటినుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవు. నేను రెండో వారంలో చెత్త పడేసి రావడానికి లుంగీతో, చేతిలో సంచితో బయటికొచ్చా, వెనక టక్ మని చప్పుడు. నవంబర్, రాత్రి పదిన్నర. ఫోన్ లోపల, తాళం లోపల, స్టవ్ మీద అన్నం కూడా లోపల. పక్క గదిలో చైనా కుర్రాడు హాస్టల్ ఎమర్జెన్సీ నంబర్ చూసి ఫోన్ చేశాడు కాబట్టి బతికిపోయా. ఇంటర్నెట్‌లో మొదట కనిపించే తాళాల మనిషిని రాత్రిపూట పిలిస్తే వందల యూరోలు లాగుతారు. ఆ ఎమర్జెన్సీ నంబర్ నోటీస్ బోర్డు మీద ఉంటుంది, మీ గదిలోనే కాకుండా ఫ్రెండ్ దగ్గర కూడా ఉంచండి. తాళంచెవి పోతే ఇంకా పెద్ద కథ, అదే చెవి మెయిన్ డోర్‌కి కూడా పనిచేస్తుంది కాబట్టి తాళాలన్నీ మార్చే ఖర్చు మీ మీద పడొచ్చు. ఇలాంటివాటికోసమే, మనవల్ల ఇతరులకి నష్టం జరిగితే కట్టే హాఫ్ట్‌ఫ్లిఖ్ట్ అనే బీమా ఉంది, నెలకు నాలుగైదు యూరోలు, తాళంచెవి పోవడం కూడా అందులో కలిసిందో లేదో చూసి తీసుకోండి.

తాలింపు. గదిలో పొగ పసిగట్టే యంత్రం ఉంటుంది. ఎండుమిర్చి, ఆవాలు చిటపటలాడే పొగకి అది అరవడం మొదలుపెడితే కొన్ని బిల్డింగుల్లో అందరూ కిందికి దిగాలి, ఫైరింజన్ వస్తే ఆ ఖర్చు మీ పేరు మీద రావచ్చు. దాన్ని ఊడదీయడం, ప్లాస్టిక్ కవర్ తొడగడం అస్సలు చేయకండి, అది నేరుగా గది పోగొట్టుకునే పని. కిటికీ బార్లా తెరిచి, చిమ్నీ వేసి, నూనె పొగలు రాకముందే ఆవాలు వేసి, వంటింటి తలుపు మూసి చేయండి. తలుపు తెరిస్తే పొగ కారిడార్‌లోకి పోతుంది, అక్కడ ఇంకో యంత్రం ఉంటుంది. మిర్చి ఘాటుకి కారిడార్ అంతా దగ్గింది ఒకసారి మా దగ్గర, తర్వాత వాళ్లే వచ్చి పులిహోర అడిగి తిన్నారనుకోండి. ఇండియా నుంచి కుక్కర్ తెస్తే ఇండక్షన్ అడుగు ఉన్నదే తీసుకోండి, ఏ స్టవ్ దొరుకుతుందో ముందు తెలియదు, అడుగు పనికొచ్చేదైతే దేని మీదైనా ఎక్కుతుంది. ఫ్రిజ్‌లో ఒక అరే మీది, అందులో ఆవకాయ సీసాకి రెండు మూతలు వేయండి.

తేమ. చలికాలంలో గదిలో అన్నం వండి, బట్టలారేసి, కిటికీ మూసేస్తే రెండు నెలల్లో మూలల్లో నల్లటి బూజు వస్తుంది, అది మీ అడ్వాన్స్‌లోంచి పోతుంది. రోజుకు రెండు మూడుసార్లు ఐదు నిమిషాలు హీటర్ కట్టేసి కిటికీ పూర్తిగా తెరవండి. హ్యాండిల్ పైకి తిప్పితే కిటికీ పైనుంచి కొంచెం వాలుతుంది, దాన్నలా గంటల తరబడి వదిలేస్తే గది చల్లబడడం తప్ప తేమ పోదు. హీటర్ మీద మూడు దగ్గర పెడితే ఇరవై డిగ్రీల చుట్టూ ఉంటుంది, అది చాలు.

మిగతావి చిన్నవి. రాత్రి పది తర్వాతా, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు. చెత్త నాలుగు రంగుల డబ్బాల్లో వేరు చేయాలి, కలిపేస్తే పక్కవాళ్లే చీటీ రాసి తలుపుకి అంటిస్తారు. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పారేయకండి, సూపర్‌మార్కెట్ మిషన్‌లో వేస్తే చాలావాటికి ఒక్కోదానికి 25 సెంట్లు.

ఖాళీ చేసేటప్పుడు

నోటీస్ ఎన్ని నెలల ముందివ్వాలో కాంట్రాక్ట్‌లో ఉంటుంది, హాస్టల్‌కి ఒక రకం, బయట నిరవధిక కాంట్రాక్ట్‌కి సాధారణంగా మూడు నెలలు. హాస్టల్ కాంట్రాక్ట్‌కి చివరి తేదీ కూడా ఉంటుంది, ఇన్ని సెమిస్టర్ల కంటే ఎక్కువ ఉండకూడదనే హద్దూ ఉంటుంది, థీసిస్ మధ్యలో ఆ తేదీ పడుతుందేమో మొదటి రోజే చూసుకోండి. బయటి ఇంటికైతే నోటీస్ సంతకం చేసిన కాగితంగానే పంపాలి, వాట్సాప్‌లో "నేను వెళ్తున్నాను" అంటే చెల్లదు. అడ్వాన్స్‌లో అన్యాయంగా కోస్తే గొడవ పడకండి, విద్యార్థి సంఘం ఆస్టా దగ్గరో, ష్టుడీరెండెన్‌వెర్క్ దగ్గరో ఉచిత లీగల్ సలహా చాలా చోట్ల దొరుకుతుంది. నేను ఆ 120 పోయాక తెలుసుకున్నా.

అడ్వాన్స్ ఆ రోజే చేతిలో పెట్టరు, కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పట్టొచ్చు, బయటి ఇళ్లలో హీటింగ్ లెక్క తేలేదాకా కొంత ఆపుకుంటారు. కాబట్టి దేశం వదిలి వెళ్లిపోతున్నా సరే, ఆ డబ్బు పడేదాకా మీ జర్మన్ బ్యాంకు ఖాతా మూసేయకండి, కొత్త అడ్రసూ మెయిలూ రాసిచ్చి రండి.